దరఖాస్తు అనే మాట ఎవరిది?

దరఖాస్తు పెట్టుకో. ఖాళీలున్నాయో లేదో కనుక్కో. పిలుపొస్తే హాజరవ్వు. సిఫార్సు ఉంటే చూసుకో. నౌకరీ మంజూరైతే సరే, కాకపోతే మళ్లీ అర్జీ.

తెలుగులో ఉద్యోగం గురించి మాట్లాడాలంటే ఈ మాటలు లేకుండా పని జరగదు. దరఖాస్తు, ఖాళీ, హాజరు, సిఫార్సు, నౌకరీ, మంజూరు, అర్జీ. ఉద్యోగం పోయేటప్పుడు కూడా రాజీనామా, బర్తరఫు. పారశీ, అరబ్బీల దారిన వచ్చి కచేరీల్లో తిరిగి తిరిగి తెలుగైపోయిన మాటలివి. వాటిని ఇప్పుడెవరూ పరాయివి అనరు. ఆ మాటలు మాట్లాడినవాళ్ల వారసుడు మాత్రం ఇంటర్వ్యూ బోర్డు ముందు కూర్చుని నాలుగు వాక్యాలు తప్పులేకుండా చెప్పగానే బల్ల అవతల నుంచి ఒక మెచ్చుకోలు వస్తుంది.

"పర్వాలేదే, తెలుగు బాగా మాట్లాడుతున్నారే!"

ఈ మాట రెడ్డిగారబ్బాయితో ఎవరైనా అంటారా? శాస్త్రిగారి కొడుకుతో అంటారా? కర్నూల్లో పుట్టి, కేసీ కాలవ నీళ్లు తాగి, ఏడు తరాలుగా ఇక్కడి మట్టిలోనే కబరస్తాన్ ఉన్నవాడితోనే అంటారు. మెచ్చుకున్నవాడిలో చెడు ఉద్దేశం లేకపోవచ్చు. కానీ ఆ మెచ్చుకోలుకి అర్థం ఒకటే: నువ్వు ఇక్కడివాడివి కావనుకున్నాను. ఆ క్షణం నుంచి అభ్యర్థి ఉద్యోగం గురించి కాకుండా తన గురించి జవాబు చెప్పుకోవడం మొదలుపెడతాడు. అప్పటికే సగం ఇంటర్వ్యూ అయిపోయింది.

ఇంటర్వ్యూ అంటే తెలివిని తూచే తక్కెడ అని మనకు చెప్తారు. కాదు. అది ఇద్దరి మధ్య మాట. అందులో ఒకడికి అడిగే హక్కుంది, రెండోవాడికి జవాబు చెప్పే బాధ్యత ఉంది. ఏ భాషలో మాట్లాడాలి, ఏ యాస ఇంపుగా ఉంటుంది, ఏది ధైర్యం, ఏది పొగరు, ఏది వినయం, ఏది బెదురు అన్నవన్నీ అడిగేవాడే తేలుస్తాడు. ఈ బల్ల భాష కర్నూలు, కడపల్లో రెండు వందల ఏళ్లలో ఎన్నిసార్లు మారిందో చూస్తే, 'ప్రతిభ' అని మనం పిలుస్తున్నదాంట్లో ఎంత భాగం వట్టి భాషో తెలుస్తుంది.

నవాబుల కాలం నుంచే మొదలుపెడదాం. అయితే ముందే ఒక మాట. కర్నూలు నవాబు ముసల్మాను, కడప మయానా నవాబులు ముసల్మాన్లు కాబట్టి అప్పుడు ముసల్మాన్లందరికీ కొలువులు దక్కాయనుకుంటే అది మనల్ని మనం మోసం చేసుకోవడమే. దూది ఏకే దూదేకులవాడు, మగ్గం నేసేవాడు, రాళ్లు కొట్టేవాడు, జెండా పట్టుకుని ఊరూరా తిరిగే ఫకీరు ఆ దర్బారు గడప ఎక్కలేదు. పారశీ రాయగలిగినవాడు ఎక్కాడు. వాడు ఖాన్ కావచ్చు, బ్రాహ్మడూ కావచ్చు. రెవెన్యూ లెక్కలు మరాఠీలో రాసే దేశస్థ బ్రాహ్మణులు ఈ సీమ కచేరీల్లో ఎంతమంది ఉండేవారో చరిత్ర చదివినవాళ్లకు తెలుసు. అంటే అప్పుడు కూడా కొలువు మతానికి రాలేదు, బల్ల భాష వచ్చినవాడికి వచ్చింది. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే తర్వాతి కథ తేలిగ్గా అర్థమవుతుంది.

1800లో నిజాం ఈ సీమని కంపెనీకి అప్పగించాడు. అందుకే దత్తమండలాలు అన్న పేరొచ్చింది. థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా 1807 దాకా ఉన్నాడు. కర్నూలు మాత్రం కొంతకాలం నవాబు చేతుల్లోనే మిగిలింది. 1839లో ఆయుధాలు దాచాడని, కుట్ర చేశాడని చివరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ని కంపెనీ గద్దె దించి తిరుచినాపల్లికి పంపింది. మరుసటేడు అక్కడే కత్తిపోటుకు చనిపోయాడు. నవాబు పోతే నవాబొక్కడే పోడు. ఆయన సిపాయిలు, గుర్రపు నౌకర్లు, మున్షీలు, కోట చుట్టూ బతికినవాళ్లందరి కొలువూ పోతుంది. కర్నూలు పాత పేటల్లో బండి తోలినవాళ్ల, బీడీ చుట్టినవాళ్ల తాతల కథలు వింటే చాలాసార్లు ఆ కోట గోడ దగ్గరే ఆగుతాయి.

ఇక్కడ ఒక విచిత్రం చూడండి. కంపెనీ కొత్తగా వచ్చినప్పుడు భాషా పరీక్ష రాయాల్సి వచ్చింది దొరలు. 1812లో మద్రాసులో సెయింట్ జార్జి కోట కాలేజీ పెట్టి, ఇంగ్లండు నుంచి దిగిన కుర్ర సివిలియన్లకు ఇక్కడి భాషలు నేర్పించారు. 1817లో వచ్చిన సి.పి.బ్రౌన్ అక్కడే తెలుగు నేర్చుకుని, పరీక్ష గట్టెక్కి, 1820లో కడపకు ఉద్యోగానికొచ్చాడు. నేర్పే వైపు మున్షీ, పండితుడు. జవాబు చెప్పే కుర్చీలో తెల్లదొర. పాలించబోయేవాడు పాలితుల భాష నేర్చుకుని రుజువు చేసుకోవాలన్నమాట. ఆ దృశ్యం ఎక్కువ కాలం నిలవలేదనుకోండి. కానీ ఒకప్పుడు ఉండిందని మర్చిపోకూడదు.

అదే బ్రౌన్ తెలుగు నిఘంటువుతో ఆగలేదు. కచేరీలో వాడే మాటల కోసం 1852లో జిల్లా నిఘంటువు వేశాడు. 1854లో తెలుగులో కలిసిపోయిన పరాయి మాటలన్నిటికీ మిశ్రభాషా నిఘంటువు అని వేరే పుస్తకమే వేశాడు. ఆ మాటల్ని వదిలేయకుండా దాచినందుకు ఆయనకు సలాం. అయినా ఆలోచించండి. జనం నోట్లో ఒకటిగా ఉన్న భాష పుస్తకంలో రెండైంది. ఇది తెలుగు, ఇది మిశ్రం. ఆ గీత తర్వాత పుస్తకంలోంచి బడిలోకి, బడిలోంచి బోర్డు గదిలోకి నడిచొచ్చింది. 'దరఖాస్తు' అన్న మాట గీత దాటి తెలుగులో కూర్చుంది. దరఖాస్తుదారు మాత్రం గీత అవతలే ఉండిపోయాడు.

కంపెనీ కచేరీల్లో ఇంటర్వ్యూ అన్న పేరు లేదు. ఉమేదువారు అన్న పేరుంది. ఉమ్మీద్ అంటే ఆశ. ఉమ్మీద్‌వార్ అంటే ఆశ పెట్టుకున్నవాడు. కచేరీ వరండాలో జీతం లేకుండా నెలలు, ఏళ్లు పనిచేస్తూ, దస్త్రాలు మోస్తూ, సిరస్తాదారు కంట్లో పడితే ఎప్పటికైనా కొలువు దొరుకుతుందని కూర్చునేవాడు. అతని ఇంటర్వ్యూ రెండు నిమిషాలది కాదు, రెండేళ్లది. జీతం లేకుండా అంతకాలం ఎవడు కూర్చోగలడు? ఇంట్లో తిండి ఉన్నవాడు. లోపల బంధువున్నవాడు. రోజుకూలీ బిడ్డకి ఆశ పెట్టుకునే స్తోమత కూడా లేదు. ఉర్దూలో ఈనాటికీ అభ్యర్థిని ఉమ్మీద్‌వార్ అనే అంటారు. ఎన్నికల్లో నిలబడినా అదే మాట, ఉద్యోగానికి నిలబడినా అదే మాట. మా బతుకుకి ఇంతకన్నా సరిపోయే మాట ఏ నిఘంటువులోనూ దొరకదు.

తర్వాత ఇంగ్లీషు వచ్చింది. 1844లో గవర్నర్ జనరల్ హార్డింజి, ఇంగ్లీషు చదువుకున్నవాళ్లకే సర్కారు కొలువుల్లో మొదటి చోటు అని తీర్మానం చేశాడు. నిన్నటిదాకా పండితుడైన మున్షీ తెల్లారేసరికి చదువురానివాడయ్యాడు. అతని బుర్రలో ఏమీ తగ్గలేదు, బల్ల భాష మారింది, అంతే. మరాఠీ రాసిన దేశస్థుడికీ ఇదే జరిగింది. కానీ అతని కొడుకు మిషన్ బడికి పోయాడు, ఇంగ్లీషు నేర్చాడు, మళ్లీ బల్ల దగ్గరికొచ్చాడు. మా పెద్దలు మదర్సా గడప దాటడానికి ఆలస్యం చేశారు. దాటుదామన్నవాళ్లలో చాలామందికి ఫీజు లేదు. ముల్లాలది ఒక తప్పు, పేదరికానిది పది తప్పులు. ముసల్మాన్లు మొండివాళ్లు, చదువంటే పడదు అని రాసిన చరిత్రకారులు మొదటిదే రాసి రెండోది వదిలేశారు.

ఇరవయ్యో శతాబ్దంలో మద్రాసు రాష్ట్రంలో కొత్త లెక్క వచ్చింది. 1927 కమ్యూనల్ జీ.వో. ప్రకారం ప్రతి 12 ఉద్యోగాల్లో 5 బ్రాహ్మణేతర హిందువులకు, 2 బ్రాహ్మణులకు, 2 ముస్లింలకు, 2 ఆంగ్లో ఇండియన్లకూ క్రైస్తవులకూ, 1 అణగారిన కులాలకు. రాష్ట్ర జనాభాలో ముస్లింలు పదిలో ఒకరు కూడా కారు కాబట్టి ఇది తక్కువేమీ కాదు. దళితులకిచ్చింది మాత్రం ఘోరంగా తక్కువ. న్యాయం మాట్లాడేటప్పుడు ఆ సంగతి కూడా చెప్పాలి. 1947లో లెక్క మార్చి 14లో ముస్లింలకు 1 అన్నారు.

ఆ లెక్క వల్ల ఒక మేలు జరిగింది. బోర్డు తన పక్కనున్న కుర్చీలోకి ముస్లింని ఎక్కించుకోవడం తప్పనిసరైంది. యాస ఎలా ఉన్నా, షేర్వాణీ ఎలా ఉన్నా, ఆ చోటికి ఒకణ్ణి తీసుకోవాల్సిందే. అంటే అడిగేవాడు అభ్యర్థి మాట వినడం నేర్చుకోవాల్సి వచ్చింది.

1951లో అది ముగిసింది. కాలేజీ సీట్ల గురించి చంపకం దొరైరాజన్ కేసు అందరికీ తెలుసు. ఉద్యోగాల గురించి అదే సంవత్సరం వచ్చిన వెంకటరమణ కేసు ఎక్కువమందికి తెలియదు. 83 జిల్లా మున్సిఫ్ ఉద్యోగాలకు 1949 చివర్లో ప్రకటన వేశారు. అందులో 5 ముస్లింలకు. సుప్రీంకోర్టు హరిజనులకు, వెనుకబడిన హిందువులకు కేటాయించినవాటిని ఒప్పుకుని, మిగతా పంపకం చెల్లదంది. రాజ్యాంగం మాటని కోర్టు చదివిన తీరు అది. కానీ మున్సిఫ్ అనే మాటకి అర్థం ఇన్సాఫ్ చేసేవాడు, న్యాయం చెప్పేవాడు అని. మాట కోర్టులో మిగిలింది. మాట తెచ్చినవాళ్ల వాటా ఆ మున్సిఫ్ ఉద్యోగాల తీర్పుతోనే పోయింది. ఇంత చేదు హాస్యం కథల్లో కూడా రాయలేం.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది. ఊరు గుడారాలతో నిండింది. ఆంధ్ర సర్వీసు కమిషన్ అప్పుడే ఏర్పడింది. మూడేళ్లకి రాజధాని హైదరాబాదుకు పోయింది. గుడారాలు ఎత్తేశారు. కానీ అప్పటినుంచి బల్ల భాష ఇంకోసారి మారింది. ఇంగ్లీషు పక్కన తెలుగు వచ్చి కూర్చుంది. 1966లో అధికార భాషా చట్టం వచ్చింది. మంచిదే. జనం భాష పాలనలోకి రావాలని ఎవరు కాదంటారు? అయితే వచ్చింది జనం తెలుగా? కృష్ణా గోదావరుల మధ్య అచ్చైన తెలుగు. రాయలసీమ పిల్లోడు "ఏమి సార్, యాడికి పోతాండారు" అంటే కోస్తా బోర్డు మెంబరు నవ్వుతాడు. ఆ నవ్వు రెడ్డికీ తగిలింది, బోయకీ తగిలింది, మాలమాదిగలకి ఇంకా లోతుగా తగిలింది. మాకు దాని మీద ఇంకో పొర. ఇంట్లో దక్ఖనీ, వీధిలో సీమ తెలుగు, బడిలో పుస్తకం తెలుగు, బోర్డులో ఇంగ్లీషు. నాలుగు భాషలొచ్చినవాణ్ణి ఏ భాషా సరిగా రానివాడంటారు.

ఉర్దూ పోస్టుకి పోతే బాగుంటుందనుకుంటారా? అక్కడ ఇంకో బల్ల. ఇంట్లో "నక్కో", "హౌ", "కైకూ" అనేవాడు లక్నో ఉర్దూ ఒలికించాలి. 'ఖ' గొంతులోంచి రాకపోతే అక్కడా అదే నవ్వు. ఉర్దూ మీ మాతృభాష అన్నవాళ్లే మాతృభాషలో తప్పులు పడతారు. దక్ఖనీ ఉత్తరాది ఉర్దూ కన్నా ముందే గ్రంథాలు రాసుకున్న భాష అని వాళ్లకి ఎవరు గుర్తుచేస్తారు?

ఇక దూదేకుల సోదరుడి సంగతి. ఇంట్లో తెలుగే. తాతల నాటి నుంచీ తెలుగే. పేరు హుసేనప్పో, మస్తానయ్యో, దస్తగిరో. మన సీమలో దర్గాకి మొక్కుకుని హిందువులు కూడా మస్తానయ్య, ఫకీరప్ప అని పెట్టుకుంటారు. పేరు చూసి బోర్డు తికమక పడుతుంది. "మీరు ముస్లిమా? మరి ఉర్దూ రాదా?" అని ఒక బల్ల. "ముస్లిం అంటున్నావు, కలిమా చెప్పు" అని మన అంజుమన్ బడి కమిటీ బల్ల. అవును, మన కమిటీలు కూడా. లెక్కల టీచరు ఉద్యోగానికి వచ్చినవాడిని లెక్కలు అడక్కుండా బిరాదరీ అడిగే పెద్దమనుషులు మనలో తక్కువేమీ లేరు. బయటి బల్లని తప్పుపట్టేముందు ఈ బల్లని కూడా తిప్పి చూడాలి.

ఇంటర్వ్యూలో అడిగేవి ఉద్యోగానికి సంబంధించినవేనా అన్న ప్రశ్న ఒకసారి సుప్రీంకోర్టు దాకా పోయింది. 1980 నవంబరులో తీర్పొచ్చిన అజయ్ హాసియా కేసు అది. శ్రీనగర్ ఇంజనీరింగు కాలేజీలో సీట్లకు ఇంటర్వ్యూ. ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు. మీ నాన్నెవరు, మీదే ఊరు అని తప్ప ఇంకేమీ అడగలేదని పిల్లలు మొరపెట్టుకున్నారు. మొత్తం మార్కుల్లో మూడో వంతు ఇంటర్వ్యూకి పెట్టడం అన్యాయమని, 15 శాతం దాటితే చెల్లదని, అడిగినదీ చెప్పినదీ టేపు చేస్తే మంచిదని కోర్టు అంది. 1985లో అశోక్ కుమార్ యాదవ్ కేసులో సివిల్ సర్వీసులకు ఆ హద్దుని 12.2 శాతానికి దించింది. కేంద్రం 2016 జనవరి నుంచి కింది స్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలే తీసేసింది. అంటే మేం చెప్తున్నది మా ఊహ కాదు. నాన్నెవరు, ఊరేది అన్న రెండు ప్రశ్నల్లో ఎంత అధికారం ఉందో దేశంలోని పెద్ద కోర్టుకే తెలిసింది.

1973 చమురు ధరల తర్వాత కడప ముస్లింలకి ఇంకో బల్ల దొరికింది. బొంబాయిలో గల్ఫ్ ఏజెంటు బల్ల. రాయచోటి, రాజంపేట, కడప నుంచి రైలెక్కి పోయిన డ్రైవర్లు, మేస్త్రీలు, దర్జీలు అక్కడ చూసిన వింత ఏమిటంటే, ఇక్కడ అడ్డమైన ఉర్దూ అక్కడ పనికొచ్చింది. ఏజెంటు హిందుస్తానీలో మాట్లాడాడు. బండి తోలి చూపించమన్నాడు, గోడ కట్టి చూపించమన్నాడు. నోటి పరీక్ష కాదు, చేతి పరీక్ష. అందులో మావాళ్లు నెగ్గారు. ఇక్కడ చేతగానివాడు అనిపించుకున్నవాడే అక్కడ ఉస్తాద్ అనిపించుకున్నాడు. మనిషి మారలేదు, అడిగే తీరు మారింది.

ఆ మంచి అక్కడితో ఆగింది. కువైట్ ఇళ్లలో పనికి పోయిన కడప ఆడవాళ్లని ఎవరూ ఇంటర్వ్యూ చేయలేదు. ఫొటో, పాస్‌పోర్టు, వయసు. ఆమె తరఫున ఏజెంటే మాట్లాడతాడు. 1983 ఎమిగ్రేషన్ చట్టం ఏజెంట్లకి లైసెన్సు తప్పనిసరి చేసింది. లైసెన్సు లేనివాడి ధంధా ఆగలేదు. ఒప్పందం కాగితం అరబ్బీలో ఉంటుంది. చిన్నప్పుడు మసీదు బడిలో ఖురాన్ చదివిన ఆడపిల్ల ఆ అక్షరాలు గుర్తుపడుతుంది, కూడబలుక్కుని చదవగలదు కూడా. ఒక్క ముక్క అర్థం కాదు. పవిత్రమైన అక్షరాల్లో తన బానిసత్వం రాసి ఉందని ఆమెకి అక్కడికి చేరాకే తెలుస్తుంది. ప్రశ్న అడిగే హక్కు ఆమెకి ఒక్కసారి ఉండుంటే? జీతమెంత, సెలవెప్పుడు, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది అన్న మూడు ప్రశ్నలు చాలు. ఇంటర్వ్యూ లేకపోవడం కూడా ఒక హింసే.

ఇవాళ మా పిల్లలు ఇంజనీరింగు చదివి బెంగుళూరు, హైదరాబాదు పోతున్నారు. అక్కడ కొత్త మాట: కమ్యూనికేషన్ స్కిల్స్. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ 2007లో ఒక పరిశోధన అచ్చువేశారు. పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకి ఒకే రకం చదువు, అర్హతలతో దరఖాస్తులు పంపారు. పేర్లు మాత్రం మార్చారు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే ముస్లిం పేరుకి పిలుపొచ్చే అవకాశం మూడో వంతే. అక్కడ కమ్యూనికేషన్ ఎక్కడుంది? నోరు తెరవలేదు, యాస వినపడలేదు. కాగితం మీద పేరే మాట్లాడింది. అదే ఏడు సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ కంపెనీ మేనేజర్లని అడిగితే, తాము ప్రతిభే చూస్తామంటూనే అభ్యర్థిని కుటుంబ నేపథ్యం తప్పక అడుగుతామన్నారు. వరండాలోని సిరస్తాదారు ఎక్కడికీ పోలేదు. కోటు వేసుకున్నాడు.

2006లో సచార్ కమిటీ చెప్పింది కూడా ఇదే దారి. దేశ జనాభాలో 13.4 శాతం ఉన్న ముస్లింలు ఐఏఎస్‌లో 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం. ఎంపిక బోర్డుల్లో ఈ సమాజం మనుషులు కూడా కూర్చోవాలని ఆ కమిటీ సూచించింది. 2007లో మన రాష్ట్రంలో బి.సి.-ఇ కింద వెనుకబడిన ముస్లింలకు 4 శాతం వచ్చింది. 2010లో హైకోర్టు కొట్టేస్తే సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలిచింది. 2016లో కర్నూలులో ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. 1947లో అదే ఊళ్లో ఉస్మానియా కాలేజీ పెట్టిన డాక్టర్ అబ్దుల్ హక్ పేరే దానికి పెట్టారు. 2022లో ఉర్దూ ఆంధ్రప్రదేశ్‌కి రెండో అధికార భాష అయింది. చట్టం ఉర్దూకి కుర్చీ వేసింది. కానీ అడిగే వైపు వేసిందా, జవాబు చెప్పే వైపు వేసిందా అన్నది చూడాలి.

మేం జాలి అడగడం లేదు. మార్కులు కలపమనడం లేదు. ఉద్యోగానికి ఏం కావాలో అది అడగండి. అందరినీ అదే అడగండి. మనిషికో ప్రశ్న, మతానికో ప్రశ్న వద్దు. మా ఆడపిల్లని బుర్ఖా గురించి, మా మగపిల్లోణ్ణి గడ్డం గురించి, పాకిస్తాన్ క్రికెట్టు గురించి అడక్కండి. తెలుగా, ఉర్దూనా, ఇంగ్లీషా, ఏ భాషలో బాగా చెప్పగలడో ఆ భాషలో చెప్పనివ్వండి. అడిగిందీ చెప్పిందీ రికార్డు చేయండి. బల్లకి అవతల మా యాస అర్థమయ్యేవాళ్లని కూడా కూర్చోబెట్టండి. దక్ఖనీ యాస, సీమ యాస, మాదిగవాడ యాస, తండా యాస, అన్నీ.

ఒకప్పుడు కడపకి రాబోయే దొర తెలుగు నేర్చుకుని పరీక్ష రాశాడు. అడిగేవాడు కూడా నేర్చుకోవాల్సింది ఉంటుందని ఈ నేలకి తెలుసు. ఆ పాఠం ఇప్పుడు బోర్డులు చదవాలి.

దరఖాస్తు అన్న మాట ఎప్పుడో తెలుగైంది. దరఖాస్తుదారు కూడా తెలుగువాడేనని ఒప్పుకోవడానికి ఇంకెన్ని తరాలు హాజరవ్వమంటారు?